సాచురేషన్ 99 ఉంది, ఏం కాలేదన్నారు

మిర్చి యార్డులో పనిచేసేవాడికి ఆయాసం వస్తే ఎవరూ పట్టించుకోరు. సీజన్‌లో ఒకసారి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చి చూడండి, గేటు దాటగానే ముక్కు కారుతుంది, కళ్ళు మండుతాయి, బయటి నుంచి వచ్చిన రైతు తుమ్ముతుంటే హమాలీలు నవ్వుతారు. నేను అక్కడ ఒక అడ్తి దుకాణంలో గుమస్తాను. కాంటా దగ్గర నిలబడి బస్తాల తూకం రాసుకోవడం, తక్‌పట్టీలు (రైతుకిచ్చే తూకం, ధర చీటీలు) రాయడం, సాయంత్రం సేటుకు లెక్క అప్పజెప్పడం నా పని. పదేళ్ళుగా ఆ దుమ్ములోనే ఉన్నాను కాబట్టి, పోయిన సీజన్‌లో ఒక బుధవారం మధ్యాహ్నం నేను కుక్కలా రొప్పుతుంటే అందరూ ఒకటే మాట అన్నారు, "ఘాటు ఎక్కింది". ఆ రోజు మా దుకాణానికి వచ్చిన సరుకంతా చపాటా. వరంగల్ వాళ్ళకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నా, చపాటా అంటే లావుగా, టమాటాలా ఎర్రగా ఉండే మిర్చి, రంగు కోసం కొంటారు, ఘాటు చాలా తక్కువ. బాగా ఘాటుండే తేజ రకం బస్తాల మధ్య నిలబడి ఏమీ కాని మనిషికి చపాటా దగ్గర ఊపిరి ఆడకపోవడమేంటని ఒక్కరికీ అనిపించలేదు. నాకూ అనిపించలేదు.

ఇప్పుడు చెప్పాల్సిన మాట ఒకటి ఉంది, సిగ్గు పక్కన పెట్టి చెప్తున్నా. నాకు షుగర్ ఉందని ఆ యార్డులో ఎవరికీ తెలియదు. 26వ ఏట వచ్చింది. లావు లేను, మా ఇంట్లో ఎవరికీ లేదు, అయినా వచ్చింది. టైప్ 1 అన్నారు, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారుకాదు, బిళ్ళలతో కాదు, సూదే దిక్కు. అప్పటి నుంచి రాత్రి ఒకటి, తినేముందు ఒకటి. సూది సంగతి తెలిస్తే సేటు పనిలో ఉంచుకోడేమోనని దాచాను. పెళ్ళికి ముందు దాచాను, దాని మీద మా అత్తగారింట్లో ఇప్పటికీ ఒక మాట నడుస్తుంది, దానికి నా దగ్గర జవాబు లేదు. పెన్నులో ఉండే ఇన్సులిన్ కాబట్టి జేబులో పెట్టుకుంటే రాసే పెన్నే అనుకునేవాళ్ళు. గుమస్తా జేబులో పెన్ను ఉంటే అనుమానం ఎవరికి?

ఆ సోమవారం జ్వరం వచ్చింది. మా ఆవిడ పాపను తీసుకుని పరకాలలో వాళ్ళ తల్లిగారింటికి పోయింది, చుట్టాల పెళ్ళి. నేను కాశిబుగ్గలో గదిలో ఒక్కడినే. వాంతులు, ఏం తిన్నా నిలవడం లేదు. గల్లీలో ఆర్ఎంపీ ఉన్నాడు, మంచి మనిషి, అర్ధరాత్రి తలుపు కొట్టినా లేస్తాడు, డబ్బులు తర్వాత ఇయ్యి అంటాడు. నా షుగర్ సంగతి తెలిసిన ఒకరిద్దరిలో ఆయన ఒకడు. జ్వరానికి సూది వేసి, బిళ్ళలిచ్చి, నేను పెన్ను తీస్తుంటే చూసి అన్నాడు, "పొద్దటి నుంచి మెతుకు ముట్టలేదు, గిప్పుడు గా సూది ఎందుకురా? షుగర్ డౌన్ అయి పడిపోతవ్. జ్వరం తగ్గినంక ఏసుకో."

వినడానికి ఎంత సబబుగా ఉంది చూడండి. తినలేదు కాబట్టి షుగర్ పెరగదు, పెరగకపోతే సూదితో పనిలేదు. నాకూ అలాగే అనిపించింది. సోమవారం రాత్రి వేసుకోలేదు. మంగళవారం వేసుకోలేదు. షుగర్ చూసుకునే స్ట్రిప్పులు అయిపోయి వారమైంది, కొందాంలే అనుకుంటూ ఉన్నా, కాబట్టి చూసుకోనూ లేదు. తర్వాత ఐసీయూలో డాక్టరమ్మ చెప్పింది, జ్వరంలో మనిషి తినకపోయినా లివరు ఊరుకోదు, తానే చక్కెర తయారుచేసి రక్తంలోకి వదులుతుంది, జ్వరంలో ఊరే హార్మోన్లు దాన్ని ఇంకా ఎగదోస్తాయి. ఇన్సులిన్ లేనప్పుడు ఆ చక్కెరను కణాలు వాడుకోలేవు. ఆకలితో ఉన్న ఒళ్ళు కొవ్వును కరిగించడం మొదలుపెడుతుంది, ఆ కొవ్వులోంచి లివరు కీటోన్లు చేస్తుంది, కీటోన్లు ఆమ్లం. ఈ జబ్బు పేరు డయాబెటిక్ కీటోఅసిడోసిస్. అంటే ఆ రెండు రోజులూ నేను ఏమీ తినకుండా, మంచినీళ్ళు తాగుతూ, నా రక్తాన్ని నేనే పులియబెట్టుకున్నాను.

బుధవారం జ్వరం తగ్గినట్టనిపించి పనికి పోయాను. విపరీతమైన దాహం. కూజా నీళ్ళు ఖాళీ చేయడం, గోడవారకు పోవడం, మళ్ళీ నీళ్ళు. మధ్యాహ్నానికి ఊపిరి మారింది. ఇది మామూలు ఆయాసం కాదు, ఎలా చెప్పాలో తెలియడం లేదు. మెట్లెక్కితే వచ్చే ఆయాసం కూర్చుంటే తగ్గుతుంది. ఇది కూర్చున్నా, పడుకున్నా ఒకేలా ఉంది, గుండె నిండా లోతుగా, ఆగకుండా, కొలిమితిత్తిలాగా. నేను పీల్చడం లేదు, ఎవరో నన్ను పీలుస్తున్నారు. ఛాతీలో పట్టేసినట్టు లేదు, పిల్లికూతలు లేవు, గాలి చక్కగా లోపలికి పోతుంది, వస్తుంది, కానీ ఆగదు. సేటు అద్దాల పైనుంచి చూసి, "సీజన్‌ల నకరాలు చేస్తే ఎట్లరా, పోయి ముఖం కడుక్కో" అన్నాడు. (ఇదే సేటు రెండు రోజుల తర్వాత నా బిల్లుకు నలభై వేలు అడగకుండా పంపాడు. ఆయన మీద కోపం పెట్టుకోవాలో దండం పెట్టాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా.)

రాత్రి ఒంటిగంట ప్రాంతంలో గది బయట కుళాయి దగ్గర పడిపోయాను. పక్క గదిలో మా యార్డు హమాలీ ఒకాయన ఉంటాడు, నేను మామా అని పిలుస్తా, అరవై దగ్గరికొచ్చిన మనిషి. పడిన చప్పుడుకు లేచి నన్ను బస్తా ఎత్తినట్టు ఎత్తి భుజాన వేసుకున్నాడు. ఆటోవాణ్ణి లేపి దగ్గర్లో ఉన్న ఒక నర్సింగ్ హోముకు తీసుకుపోయాడు. ఆటోలో మామ ఒకటే మాట, "జెర మెల్లగ పీల్చు బిడ్డా, మెల్లగ, గట్ల పీలిస్తే గుండె ఆగుతది." నేనూ ఆపుదామనే చూశాను. ఊపిరి పట్టి మూడు లెక్కపెట్టేలోపు లోపలి నుంచి ఏదో తన్నినట్టు మళ్ళీ మొదలయ్యేది.

ఆ నర్సింగ్ హోములో గడిచింది ముప్పావు గంటో, గంటో. నాకు మాత్రం ఆ రాత్రంతా అదే.

డ్యూటీ డాక్టరు చిన్న పిల్లవాడు, నాకంటే చిన్న. కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. వేలికి క్లిప్పు పెట్టాడు, కరోనా కాలంలో రక్తంలో ఆక్సిజన్ చూసుకోవడానికి ఇంటింటికీ ఒకటి ఉండేది చూడండి, అది. 99 చూపించింది. స్టెత్ పెట్టి విన్నాడు, ఛాతీ క్లియర్. "ఏం పని చేస్తడు?" అని మామను అడిగాడు. మిర్చి యార్డు అనగానే నెబ్యులైజర్ పెట్టమన్నాడు. ఆ పొగ పీల్చినా తేడా లేదు. అప్పుడు మామను పక్కకు పిలిచి, నాకు వినపడేటట్టే, "ఇంట్ల గొడవలేమన్న ఉన్నయా? భార్య ఎక్కడ?" అన్నాడు. తల్లిగారింటికి పోయిందని మామ చెప్పాడు. అంతే, కథ ఆయనకు దొరికిపోయింది. "సాచురేషన్ 99 ఉంది, నాకన్నా మంచిగున్నడు. టెన్షన్ ఎటాక్ ఇది. భార్య కోపమొచ్చి పోయింది, ఈయన డ్రామా చేస్తుండు." డ్రామా అన్నమాట తర్వాత నవ్వాడు. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తు. నోరు పిడచకట్టుకుపోయి నాలుక కదలడం లేదు, మాట్లాడాలంటే ఊపిరి ఆపాలి, ఊపిరి ఆగడం లేదు. షుగర్, అనే మూడక్షరాలు చెప్పలేకపోయాను. ఎనిమిదేళ్ళు నేనే దాచిన మాట, కావాల్సినప్పుడు నోట్లోంచి రాలేదు.

మందుల షాపు కాగితం కవరు ఒకటి తెచ్చి నా ముక్కుకూ నోటికీ పెట్టి, ఇందులోనే పీల్చు, ఇందులోనే వదులు అన్నాడు. మామతో చేతులు పట్టించాడు. మీరు నీళ్ళలో మునిగారా ఎప్పుడైనా? నేను ధర్మసాగర్ చెరువులో చిన్నప్పుడు ఒకసారి మునిగాను. కవరు లోపల నాలుగైదు ఊపిరులు తీసేసరికి అదే అయింది. కళ్ళ ముందు నల్లగా. తల విదిలించి కవరు చింపేశాను, మామ చేతుల్ని గోళ్ళతో గీరాను, ఆ గీతలు ఆయన ముంజేతి మీద నెల రోజులున్నాయి. "చూసిన్రా, వయొలెంట్ అయితుండు" అన్నాడు డాక్టరు. నిద్ర సూది వేయమని సిస్టర్‌కు చెప్పి పక్క గదిలోకి పోయాడు.

సిస్టర్ యాభై ఏళ్ళ మనిషి. సిరంజిలో మందు ఎక్కించుకుని, నా చేతికి రబ్బరు కట్టి, నరం కోసం వంగింది. వంగి ఆగిపోయింది. నా ముఖం దగ్గరికి ఇంకా వంగి వాసన చూసింది. "తమ్మీ, నీకు షుగరున్నదా?" తల ఊపాను. "సూది ఏసుకుంటవా?" ఊపాను. "ఎన్ని రోజులైంది ఏసుకోక?" వేళ్ళు చూపించబోయాను, ఎన్ని చూపించానో తెలియదు. ఆమె సిరంజి ట్రేలో పెట్టేసి వేలు గుచ్చింది. మెషీన్ మీద అంకె రాలేదు, హెచ్, ఐ అని రెండక్షరాలు వచ్చాయి. కొలవలేనంత ఎక్కువ అని. ఆ మెషీన్ పట్టుకుని ఆమె పక్క గదికి పోయింది. ఏం మాట్లాడుకున్నారో వినలేదు. డాక్టరు మాత్రం పరుగెత్తుకుంటూ వచ్చాడు, ఈసారి నవ్వు లేదు. సెలైన్ పెట్టించి, 108కి తానే ఫోన్ చేసి, హన్మకొండలో ఐసీయూ ఉన్న హాస్పిటల్‌కు మాట్లాడి, అంబులెన్సు దాకా సెలైన్ సీసా పట్టుకుని నడిచాడు. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నా.

ఐసీయూ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. లైట్లు ఆర్పరు, పగలో రాత్రో తెలియదు, గంటగంటకూ వేలు గుచ్చుతారు. షుగర్ 640. సీసాల మీద సీసాల సెలైన్, సిరంజి పంపుతో చుక్కచుక్కగా ఇన్సులిన్, పొటాషియం. మణికట్టు దగ్గర నాడి చూసే చోట లోతుగా గుచ్చి రక్తం తీస్తారు, ఏబీజీ అంటారు, అది మాత్రం నరకం. మామూలు రక్త పరీక్ష ఏదైనా దీనిముందు చీమకుట్టినట్టే.

ఒక గొడవ చెప్పాలి. శుక్రవారం పొద్దున షుగర్ 220కి దిగింది. వెంటనే గ్లూకోజ్ సీసా తగిలించారు, ఇన్సులిన్ ఆపకుండానే. అద్దంలోంచి అది చూసి మా బావ (అక్క మొగుడు) ఐసీయూ తలుపు దగ్గర లొల్లి పెట్టుకున్నాడు. "షుగర్ పేషెంట్‌కు గ్లూకోజ్ ఎక్కిస్తరా? బిల్లు కోసం చంపుతరా?" అని ఫోన్లో వీడియో కూడా తీశాడట. డాక్టరమ్మ బయటికి వచ్చి చాలా ఓపిగ్గా చెప్పింది. షుగర్ దిగినంత మాత్రాన జబ్బు దిగలేదు, ఆమ్లం ఇంకా ఉంది, ఆమ్లం పోవాలంటే ఇన్సులిన్ నడవాలి, ఇన్సులిన్ నడుస్తుంటే షుగర్ మరీ పడిపోకుండా గ్లూకోజ్ అడ్డం పెట్టాలి. బావకు అర్థమైందో లేదో గానీ వీడియో తీసేశాడు. ఆయన అరుపులు నాకు లోపలికి వినిపిస్తూనే ఉన్నాయి. సిగ్గేసింది. నా కోసం ఒకడు ఇంతగా అరుస్తున్నాడని ఎక్కడో సంతోషం కూడా వేసింది.

నేను కాస్త కుదుటపడ్డాక ఆమెను అడిగాను, "మేడం, ఊపిరితిత్తులకు ఏం కాలేదన్నరు, మరి ఊపిరి ఎందుకట్ల ఆడింది?" రౌండ్స్‌లో ఉన్న డాక్టరు ఇలాంటివాటికి నిలబడదు. ఆమె నిలబడింది. ఏం పని చేస్తావని అడిగి, కాంటా దగ్గర అనగానే నవ్వి, అయితే నీకు తేలిక అంది.

రక్తంలో కూడా ఒక కాంటా ఉందట. ఒక పళ్ళెంలో బైకార్బొనేట్, అంటే ఆమ్లాన్ని విరిచే సరుకు. ఇంకో పళ్ళెంలో కార్బన్ డయాక్సైడ్, అది నీళ్ళలో కరిగితే ఆమ్లం. ఇరవై పాళ్ళకు ఒక పాలు, ఇదీ లెక్క. ఇరవైకి ఒకటి ఉన్నంతసేపు రక్తం పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే అంకె, అది దిగితే ఆమ్లం పెరిగినట్టు) 7.4. కాస్త అటూ ఇటూ అయినా 7.35కీ 7.45కీ మధ్యలోనే ఉండాలి. మొదటి పళ్ళెం కిడ్నీల చేతిలో ఉంటుంది, రెండోది ఊపిరితిత్తుల చేతిలో. కీటోన్లు వచ్చి పడేసరికి వాటిని విరచడంలోనే నా బైకార్బొనేట్ ఖర్చయిపోయింది, 24 ఉండాల్సింది 5కి వచ్చింది. మొదటి పళ్ళెం తేలిపోయింది. కిడ్నీలు దాన్ని మళ్ళీ నింపాలంటే రోజులు పడుతుంది. అంత టైం ఎక్కడిది? కాంటా నిలబడాలంటే ఉన్న దారి ఒకటే, రెండో పళ్ళెంలోంచి కూడా సరుకు తీసేయడం. మెడలోనూ మెదడు కింది భాగంలోనూ ఆమ్లాన్ని పసిగట్టే కణాలుంటాయి, అవి ఊపిరిని తరుముతాయి. నిమిషాల్లో. అందుకే ఆ కొలిమితిత్తి. 40 ఉండాల్సిన నా కార్బన్ డయాక్సైడ్ 16కి దిగింది. అంత తోడిపోసినా ఇరవైకి ఒకటి ఉండాల్సింది పదికి ఒకటి దగ్గర ఆగింది, పీహెచ్ 7.12.

"7.4 ఎక్కడ, 7.12 ఎక్కడ, పావు తేడానే కద మేడం" అన్నాను, పావు తేడాకు కాంటా మీద ఎన్ని గొడవలైతాయో తెలిసిన మనిషిని అయుండి కూడా. ఈ కొలత అలాంటిది కాదంది. ఒక అంకె దిగితే ఆమ్లం పదింతలు. నాకు దిగిన పావుకే ఆమ్లం దాదాపు రెట్టింపైంది.

అప్పుడు కవరు సంగతి, నిద్ర సూది సంగతి చెప్పాను. ఆమె ముఖం మారింది. కవర్లో వదిలిన గాలినే మళ్ళీ పీల్చడమంటే, ఒళ్ళు అంత కష్టపడి తోడిపోసిన దాన్ని మళ్ళీ లోపల పోసుకోవడమే. ఇక నిద్ర సూది. కాగితం మీద లెక్క వేసి చూపించింది. బైకార్బొనేట్ 5 మీదే ఉండి, సూదికి ఊపిరి నెమ్మదించి కార్బన్ డయాక్సైడ్ మళ్ళీ 40కి ఎక్కితే పీహెచ్ 6.7. "6.8 కిందికి పోతే మనిషి దక్కడం కష్టం" అంది, ఇంకేం అనలేదు, పక్క బెడ్డుకు పోయింది. ఆ కాగితం నా దగ్గరే ఉంది. అందరూ మెల్లగా పీల్చు, మెల్లగా పీల్చు అన్నారు. నేనూ ఆపుకోవాలనే చూశాను. నా మాట నా ఒళ్ళు వినలేదు కాబట్టి ఇది రాస్తున్నా.

ఈ ఊపిరికి కుస్మాల్ శ్వాస అని పేరట, 1874లో అడాల్ఫ్ కుస్మాల్ అనే జర్మనీ డాక్టరు రాసి పెట్టాడు. అప్పటికి ఇన్సులిన్ లేదు, ఇలా రొప్పుతూ వచ్చినవాళ్ళు చనిపోవడం చూస్తూ కూర్చోవడమే. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ళ కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. వార్డులో పడుకుని ఫోన్లో ఇది చదువుతుంటే, నేను రెండు రోజులు జేబులో పెట్టుకుని వాడకుండా తిరిగిన పెన్ను గుర్తొచ్చింది.

ఆరో రోజు పంపించారు. ఆయాసం ఎప్పుడో పోయింది, కానీ రిపోర్టులో బైకార్బొనేట్ ఇంకా 18. నాకు టెన్షన్. పూర్తిగా నయం కాకుండానే పంపిస్తున్నారని బావ మళ్ళీ అందుకోబోయాడు. మిగతాది కిడ్నీల పని అని చెప్పారు. నాకు అర్థమైన భాషలో చెప్తా. ఊపిరితిత్తులు చేసింది నగదు సర్దుబాటు, అప్పటికప్పుడు ఒడ్డున పడేస్తుంది. ఖాతా సరిచేసేది కిడ్నీలు. రోజుకు 180 లీటర్ల నీటిని వడగట్టి, అందులో ఉన్న బైకార్బొనేట్ దాదాపు అంతా వెనక్కి లాక్కుంటాయి, పైగా అమ్మోనియా తయారుచేసి దానికి ఆమ్లాన్ని అంటగట్టి మూత్రంలో బయటికి తోస్తాయి, అలా తోసిన ప్రతిసారీ కొత్త బైకార్బొనేట్ రక్తంలో జమ అవుతుంది. నా విషయంలో బోలెడు కీటోన్లు మూత్రంలో పోయాయి. అవి ఒంట్లో ఉండి ఉంటే ఇన్సులిన్ అందాక తిరిగి బైకార్బొనేట్‌గా మారేవట, పోయాయి కాబట్టి ఆ లోటంతా కిడ్నీలే కొత్తగా చేసి పూడ్చాలి. అదీగాక చేరిన రోజు కిడ్నీలే ఎండిపోయి ఉన్నాయి, క్రియాటినిన్ (కిడ్నీల పని తగ్గితే రక్తంలో పెరిగేది) 2.1. నీళ్ళు పడ్డాక 0.9కి వచ్చింది. వారం తర్వాత చూపిస్తే బైకార్బొనేట్ 23. ఆ చీటీలన్నీ తేదీలవారీగా తక్‌పట్టీల కట్టలాగా దారం వేసి పెట్టుకున్నా, మా ఆవిడ చూసి తల కొట్టుకుంది.

ఆర్ఎంపీ దగ్గరికి పోయాను. కొట్లాడదామనే పోయాను. విషయం చెప్తే ఆయన మంచం మీద కూలబడి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను గిట్ల ఇంకెంతమందికి చెప్పిన్నో" అన్నాడు. ఏం కొట్లాడను? రాత్రి సూది ఎట్టి పరిస్థితిలో ఆపకూడదని, ఎంత వేయాలో తెలియకపోతే పెద్ద డాక్టరును అడగాలని గోడ మీద రాసి పెట్టుకోమన్నా. రాశాడు. డ్యూటీ డాక్టరు కోసం కూడా పోయాను, ఆయన అక్కడ మానేసి ఎటో పైచదువుకు పోయాడట. నిద్రలేని పిల్లవాడు, ఒక్కడే, నేనేమో మాట్లాడని పేషెంటును, అదంతా నాకు తెలుసు. కానీ అంత తెలివిగలవాడు వేలు గుచ్చి ఒక్క చుక్క చూడ్డానికి ఏమైంది? అరనిమిషం పని. 99 అనేది ఆక్సిజన్ లెక్క ఒక్కటే, ఆమ్లం సంగతి, కార్బన్ డయాక్సైడ్ సంగతి ఆ క్లిప్పు చెప్పదు, ఇది నాలాంటి గుమస్తాకు ఇప్పుడు తెలిసింది, ఆయనకు ఎప్పుడో తెలిసి ఉండాలి. పెళ్ళాం పుట్టింటికి పోయిందన్న ముక్క వినగానే వైద్యం ఆగిపోయింది. ఆ నవ్వును మాత్రం క్షమించలేకపోతున్నా.

సిస్టర్‌కు చీర పట్టుకుపోయాం, నేనూ మా ఆవిడా. ఆమె ముందు గుర్తుపట్టలేదు. చెప్పాక, "ఓ, మాగిన పండు వాసన" అంది. వాళ్ళ నాన్న అలాగే పోయాడట, ఆ వాసన చిన్నప్పుడు ఇంట్లో పీల్చిందట. చీర తీసుకోనంటే మా ఆవిడ బలవంతంగా భుజాన వేసింది.

ఇంటికి వచ్చినవాళ్ళు ఇచ్చిన సలహాలకు లెక్కలేదు. రక్తంలో ఆమ్లం ఎక్కువైందంటే చాలు, ఒకాయన వంటసోడా నీళ్ళలో కలిపి పొద్దున్నే తాగమన్నాడు, మా బావ ఆల్కలైన్ నీళ్ళ మెషీన్ వాయిదాల మీద ఇప్పిస్తానన్నాడు. బాబూ, మనం తాగే నీళ్ళతో రక్తం పీహెచ్ మారదు, మారేది మహా అయితే మూత్రానిది. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ళకు డాక్టర్లు సోడా బిళ్ళలు రాస్తారు, అది వేరే సంగతి, అది కొలిచి ఇచ్చే మందు. నాకు తక్కువైంది సోడా కాదు, ఇన్సులిన్.

ఇంట్లో సూది వేసుకునేవాళ్ళుంటే ఒక్కటి వినండి. జ్వరమొచ్చినా, వాంతులైనా, మెతుకు దిగకపోయినా రాత్రి సూది ఆపొద్దు, తినే సూది సంగతి డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. మూడు నాలుగు గంటలకోసారి షుగర్ చూసుకోండి, మూత్రంలో కీటోన్లు చూసే స్ట్రిప్పులు మెడికల్ షాపులో దొరుకుతాయి, అవొక డబ్బా పెట్టుకోండి, నీళ్ళు తాగుతుండండి. లోతుగా ఆగని ఊపిరి మొదలైతే గల్లీ డాక్టరు వద్దు, నేరుగా పెద్ద దవాఖానకు పోండి. దాచకండి. నేనిప్పుడు ఫోన్ కవరు వెనక చీటీ పెట్టుకున్నా, షుగర్, సూది అని పెద్దక్షరాలతో. సేటుకు చెప్తే, "గిదా? మా తమ్మునికి గూడ ఉంది" అని మళ్ళీ చిట్టా పుస్తకంలో తల పెట్టాడు. ఎనిమిదేళ్ళు భయపడింది దీనికి.

ఇంకో సంగతి మిగిలింది. నేను ఐసీయూలో ఉన్నప్పుడు మా అమ్మ బయట కూర్చుని మేడారం సమ్మక్కకు మొక్కింది, కొడుకు బతికితే నిలువెత్తు బంగారం ఇస్తానని. మా వైపు బంగారమంటే బెల్లం. షుగర్‌తో ఐసీయూలో పడ్డ కొడుక్కు బెల్లం మొక్కిందని మా ఆవిడ నవ్వాపుకోలేక బయటికి పోయింది. అప్పుడు నా బరువు 53, ఒళ్ళు ఎండిపోయి. జాతర నాటికి 62 అయ్యాను. మొక్కుకున్నప్పటి బరువు ఇస్తే సరిపోతుంది కదా, తొమ్మిది కిలోల బెల్లం తక్కువ పడుతుందని నేను లెక్క తీశాను. "సమ్మక్క తల్లికి తక్‌పట్టీ రాస్తవారా" అని అమ్మ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. సరే, బీట్ బజార్‌లో కొని తూకం వేయించాం, 62 కిలోల చిల్లర. దేవతలు నిజంగా కాపాడారా అంటే, సరిగ్గా ఆ రాత్రికి ఆ వాసన తెలిసిన సిస్టర్‌నే డ్యూటీలో ఎవరు పెట్టారు అని అమ్మ అడుగుతుంది. నేను వాదించను.

జాతర నుంచి తెచ్చిన బంగారం ముక్కలు యార్డులో పంచాను. అందరికీ పంచి మామ దగ్గరికి వచ్చేసరికి కాగితంలో పెద్ద ముక్క ఒకటి మిగిలింది. మామ దాన్ని కాంటా రాయి మీద కొట్టి రెండు చేశాడు. ఒకటి నోట్లో వేసుకుని, రెండోది నాకు ఇవ్వబోయి ఆగి, నా చొక్కా జేబు వైపు చూశాడు.

"గా పెన్ను తెచ్చుకున్నవా బిడ్డా?"